కట్టనివ్వండి.. విరగ్గొట్టనివ్వండి!

నజ్మా (దోహా): 2023 మార్చి 22, బుధవారం. తెల్లారితే రంజాన్ నెల మొదలు. ఆ ఉదయం మన పక్కనే ఉన్న మన్సూరాలో, బిన్ దిర్హామ్ ప్రాంతంలో నాలుగంతస్తుల భవనం కుప్పకూలింది. ఆ తర్వాతి రోజుల్లో కూడా శిథిలాల కింద నుంచి మృతదేహాలు బయటపడుతూనే ఉన్నాయి. చనిపోయిన వారిలో మన భారతీయులున్నారు. నజ్మాలో ఉండేవాళ్లకు అది టీవీలో చూసిన వార్త కాదు. రోజూ కూరగాయలకు వెళ్లే దారిలో జరిగిన ఘటన.

ఆ రాత్రి మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి అడిగాడు. ‘‘నాన్నా, మన బిల్డింగ్ కూడా పడిపోతుందా?’’

‘‘పడదులే, పడుకో’’ అన్నాను. సివిల్ ఇంజినీరుగా ఏళ్ల తరబడి సైట్ల మీదే బతుకుతున్నవాణ్ని. నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే అయినందుకు తర్వాత సిగ్గేసింది. వాడికి కావాల్సింది ధైర్యం చెప్పే మాట కాదు. అసలు బిల్డింగ్ ఎందుకు నిలబడుతుంది, ఎప్పుడు నిలబడదు అన్నది. అది నోటితో చెబితే వచ్చేది కాదు. చేత్తో కట్టాలి, చేత్తో విరగ్గొట్టాలి.

ఆ వేసవిలోనే మొదలుపెట్టాం. జులై, ఆగస్టుల్లో మన ఇండియన్ స్కూళ్లకు సెలవులు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన. పెద్దవాళ్లనే బయటికి రావద్దన్న ఎండలో పిల్లలు ఎక్కడికి వెళతారు? నాలుగు గోడల మధ్య ఫోనే దిక్కు. (ఆ నిబంధన ముగిసే సెప్టెంబరు 15 మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు, ఇండియాలో ఇంజినీర్స్ డే. కాకతాళీయమే అయినా నాకు ఇష్టమైన తేదీ అది.) పై అంతస్తులోని భీమవరం వాళ్ల ఇద్దరు అమ్మాయిలు, ఎదురు బ్లాకులోని కరీంనగర్ వాళ్ల అబ్బాయి, మావాడు. నలుగురితో శుక్రవారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. సామాను కోసం కష్టపడాల్సిన పనిలేదు. నజ్మా సూక్ హరాజ్‌లో పాత చెక్క దొరుకుతుంది. వీధి చివర హార్డ్‌వేర్ షాపులో మేకులూ బైండింగ్ వైరూ దొరుకుతాయి. మిగతాది వంటింట్లోనే ఉంటుంది.

కాగితం మోసిన బరువు

మొదటి శుక్రవారం తలా ఒక ఏ4 కాగితం ఇచ్చాను. దాన్ని నిలబెట్టి దాని మీద పుస్తకాలు పేర్చాలి. కాగితం ఏం మోస్తుందని నవ్వారు. ఒకరు గొట్టంలా చుట్టారు, ఒకరు నలుచదరంగా మడిచారు, ఒకరు మూడు పలకలుగా. అంచులకు టేపు. గొట్టం మీద సైన్స్, సోషల్, లెక్కలు, తెలుగు వాచకం అన్నీ ఎక్కాయి. చివరికి నా పాత డిజైన్ పుస్తకం కూడా ఎక్కింది. కాగితం అదే, బరువు అదే. మారింది ఆకారం ఒక్కటే.

అసలు పాఠం తర్వాత వచ్చింది. అంతే బరువు మోస్తున్న గొట్టాన్ని మధ్యలో రెండు వేళ్లతో కాస్త నొక్కమన్నాను. నొక్కీ నొక్కకముందే మొత్తం కూలింది. పుస్తకాలు కిందపడ్డ చప్పుడుకు కింది ఫ్లాట్ వాళ్లు వచ్చారు, అది వేరే కథ. ‘‘అంటే పిల్లర్‌కి చిన్న దెబ్బ తగిలినా ఇలాగే అవుతుందా?’’ అని భీమవరం అమ్మాయి అడిగింది. కాంక్రీటు పిల్లర్ కాగితం గొట్టం కాదు, లోపల ఇనుము ఉంటుంది, అంత తేలిగ్గా కూలదు అని చెప్పాను. కానీ పైపు కోసమో, అల్మారా కోసమో పిల్లర్‌ను చెక్కేవాళ్లు ఏం చేస్తున్నారో ఆ పిల్లలకు ఇక ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆ తర్వాత స్పఘెట్టి. వంటింటి డిజిటల్ తూకం మీద ఒక్క స్పఘెట్టి పుల్లను నిటారుగా నిలబెట్టి, పైనుంచి వేలితో మెల్లగా నొక్కాలి. 25 సెంటీమీటర్ల పుల్ల 30 గ్రాముల దగ్గరే విల్లులా వంగింది. దాన్ని సగానికి విరిచి మళ్లీ నొక్కితే 110 గ్రాములు దాటింది. పొడవు సగమైతే బలం రెట్టింపు అవుతుందని పిల్లలు అనుకున్నారు. అయింది దాదాపు నాలుగు రెట్లు. 18వ శతాబ్దంలో స్విట్జర్లాండ్ గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ లెక్కగట్టి చెప్పింది ఇదే. సన్నటి స్తంభం నలిగి విరగదు, వంగి విరుగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ దాని శక్తి ఎత్తు వర్గంలో పడిపోతుంది.

ఇక్కడ పిల్లలతో పాటు పెద్దలూ ఒక్క క్షణం ఆగాలి. రెండంతస్తుల ఎత్తున్న పిల్లర్‌ను మధ్యలో ఒక బీము పట్టుకుని ఉంటే అది రెండు పొట్టి పిల్లర్ల కింద లెక్క. హాలు విశాలంగా కనిపించాలని ఆ బీము తీసేస్తే? పిల్లర్ మీద చెయ్యి వెయ్యకుండానే దాని బలాన్ని తీసేసినట్టు. పాత భవనాల్లో మార్పులు చేసేటప్పుడు ఇంజినీరు సంతకం ఎందుకు అడుగుతారో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. రూపాయి కూడా ఖర్చు కాదు. మిగిలిన స్పఘెట్టి ఆ రాత్రి మా భోజనమైంది.

నాన్నల వంతెన

ఐస్‌క్రీం పుల్లలు, తెల్ల జిగురు. ఇది అన్ని స్కూళ్లకూ తెలిసిన ప్రాజెక్టే. కానీ మన ఇళ్లలో దీన్ని చేసేది పిల్లలు కాదు, నాన్నలు. ఒప్పుకుంటున్నా, మొదటి వారం నేనూ అదే చేశాను. మావాడి చేతిలోంచి పుల్లలు లాక్కుని ‘‘ఇలా కాదురా’’ అంటూ సగం వంతెన నేనే కట్టేశాను. వాడు మెల్లగా లేచి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు. ఎగ్జిబిషన్‌కు ముందురోజు షాపులో రెడీమేడ్ మోడల్ కొని పిల్లాడి పేరు రాసి పంపే తల్లిదండ్రులకూ నాకూ తేడా ఏముంది? రెండో వారం నుంచి నా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. చాలా కష్టమైన పని అది.

ముందు నాలుగు పుల్లలకు చివర్లలో చిల్లులు పెట్టి గుండుపిన్నులతో చతురస్రం చేయించాను. మూలన తోస్తే అది పక్కకు వాలిపోయింది. మూడు పుల్లలతో త్రిభుజం చేస్తే ఎంత తోసినా కదల్లేదు. చతురస్రానికి కర్ణంగా ఇంకో పుల్ల వెయ్యాలని కరీంనగర్ అబ్బాయి తనే కనిపెట్టాడు. రాజమండ్రి వైపు వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన బొమ్మే. గోదావరి మీద 1974 నుంచి నడుస్తున్న రోడ్డు కమ్ రైలు వంతెనలో రైలు కిటికీ పక్కన టకటకా వెనక్కి పోయే ఉక్కు కమ్మీలన్నీ త్రిభుజాలే. నదిలోకి చిల్లర వేసే హడావుడిలో మనం వాటిని చూడం. దాని పక్కనే 1997లో పూర్తయిన కాంక్రీటు ఆర్చ్ వంతెన. అదే నది, అదే రైలు. బరువు మోసే పద్ధతి పూర్తిగా వేరు. ఈసారి ఊరెళ్లినప్పుడు పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

పోటీ నియమం ఒక్కటే. వంతెన ఎంత మోసిందన్నది కాదు, తన బరువుకు ఎన్ని రెట్లు మోసిందన్నది లెక్క. లేదంటే పిల్లలు పుల్లల మీద పుల్లలు అంటించి దిమ్మ తయారుచేస్తారు. రెండు కుర్చీల మధ్య వంతెన, దానికి తాడుతో బకెట్టు, మగ్గుతో నీళ్లు. బకెట్టు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, కాళ్లు దూరంగా పెట్టుకోవాలి. నాలుగు వంతెనల్లో మూడు అతుకుల దగ్గరే ఊడాయి. పుల్ల విరిగింది ఒక్కదానిలోనే. ఆ ఒక్కటీ భీమవరం వాళ్ల చిన్నమ్మాయిది. ప్రతి అతుకు దగ్గరా రెండు వైపులా చిన్న పుల్లముక్క అదనంగా అంటించింది. ఎవరు చెప్పారని అడిగితే ‘‘అమ్మ జాకెట్టు కుట్టేటప్పుడు చంక దగ్గర గుడ్డముక్క వేస్తుంది కదా’’ అంది. ఉక్కు వంతెనల్లో అతుకుల దగ్గర బిగించే పలకల పని సరిగ్గా అదే. ఇంజినీరింగ్ కాలేజీలో నాకు అది అర్థమవడానికి రెండేళ్లు పట్టింది.

ఈ ఆట పెద్దవాళ్లూ ఆడతారు. కెనడాలోని ఒకనాగన్ కాలేజీ నిర్వహించిన స్పఘెట్టి వంతెనల పోటీలో 2009లో హంగరీ విద్యార్థులిద్దరు కట్టిన వంతెన 443 కిలోలు మోసింది. వంతెన బరువు కిలో కూడా లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే కాలేజీ స్థాయిలో కాంక్రీటుతో పడవ చేసి నడిపే పోటీలున్నాయి. 1988 నుంచి జాతీయ స్థాయిలో జరుగుతున్నాయి. కాంక్రీటు పడవ తేలుతుందా అని మీ ఇంట్లో అడిగి చూడండి. ఆ సాయంత్రం ఫోన్లు పక్కన పడతాయి.

తడి గుడ్డలో సిమెంటు దిమ్మ

గల్ఫ్‌లో ఉంటున్న పిల్లలు ఒక్క ప్రాజెక్టే చేయగలరంటే నేను చెప్పేది ఇదే.

ముందు గిన్నెలు తోమే స్పాంజి తీసుకుని పక్కవైపు స్కెచ్ పెన్నుతో నిలువు గీతలు గీయించండి. రెండు చివరలూ పట్టుకుని మధ్యలో కిందికి వంచితే పై గీతలు దగ్గరవుతాయి, కింది గీతలు దూరమవుతాయి. పైన నొక్కుడు, కింద లాగుడు. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు పిరికిది. అందుకే ఇనుము. ఆ ఇనుము ఎక్కడ పెట్టాలి?

పాల డబ్బా అట్టతో అచ్చులు చేశాం. 24 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, ఒకటిన్నర మందం. సిమెంటు ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు, ముద్ద అయ్యేంత నీళ్లు. నీళ్లు ఎక్కువైతే కలపడం సుఖం, బలం మాత్రం తగ్గుతుంది. ఈ సంగతి షికాగోలో డఫ్ అబ్రామ్స్ 1918లోనే తేల్చాడు. అయినా ఇప్పటికీ సైట్లలో ట్యాంకర్‌లోకి పైపు పెట్టే చెయ్యి ఆగదు. మొదటి దిమ్మలో తీగ లేదు. రెండో దానిలో అడుగున మూడు బైండింగ్ వైరు ముక్కలు, కొసలు వంచి. మూడో దానిలో అవే ముక్కలు పైభాగాన. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మిగిలిన సిమెంటును సింకులో కడగొద్దు. పైపులో గడ్డకడితే ఇంటి యజమానితో మాట్లాడాల్సింది మీరే.

వారం తర్వాత బకెట్టు పరీక్ష. తీగ లేనిది హెచ్చరిక లేకుండా టక్కున రెండు ముక్కలైంది. అడుగున తీగ ఉన్నది ముందు సన్నగా పగిలింది, వంగింది, ఇంకా మోసింది. పైన తీగ ఉన్నది తీగ లేనిదానిలాగే పగిలి, ముక్కలు తీగకు వేలాడాయి. ‘‘అయితే ఇనుము ఎప్పుడూ కిందే పెట్టాలన్నమాట’’ అని మావాడు తీర్పు చెప్పాడు. బాల్కనీ వైపు వేలు చూపించాను. ఒక చివర గోడలో పట్టు, రెండో చివర గాలిలో. స్పాంజిని ఒక చివర పట్టుకుని రెండో చివర కిందికి నొక్కమన్నాను. ఈసారి గీతలు పైన విడిపోయాయి. బాల్కనీలో, సన్‌షేడ్‌లో ప్రధాన ఇనుము పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ రాడ్ల మీద నడిచి వాటిని కిందికి తొక్కేస్తే, కాగితం మీద ఉన్న డిజైన్ సైట్లో లేనట్టే. మన ఊళ్లలో సెంట్రింగ్ విప్పగానే సజ్జ కూలిందన్న వార్తల వెనుక చాలాసార్లు ఉండే కారణం ఇదే. సజ్జ పోసేరోజు అక్కడ ఎవరైనా నిలబడి చూడాలి. అంతే.

ఇక క్యూరింగ్. ఒకేలాంటి దిమ్మలు రెండు. ఒకదాన్ని తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టాం. రెండోదాన్ని జులై ఎండలో బాల్కనీలో వదిలేశాం. చూడ్డానికి ఎండలోదే గట్టిగా, తెల్లగా కనిపించింది. నలుగురూ దాని మీదే పందెం కాశారు. వారం తర్వాత లీటరున్నర నీళ్ల సీసాలు బకెట్టులో ఒక్కొక్కటే పెడుతూ పోయాం. ఎండిన దిమ్మ నాలుగో సీసాకు పోయింది. తడి దిమ్మ ఎనిమిదో సీసా దాకా ఆగింది. సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఆ నీళ్లను దోహా ఎండ లాగేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది. ఇక్కడ స్లాబులు రాత్రిపూట పోయడం, కాంక్రీటులో చల్లటి నీళ్లో ఐసో వాడటం, తడి గోనెపట్టాలు కప్పడం అందుకే. మన ఊళ్లో తాపీ మేస్త్రి ‘‘పొద్దున సాయంత్రం నీళ్లు పట్టండమ్మా’’ అని వెళ్లిపోతే, ఆ బాధ్యత ఇంట్లో ఆడవాళ్ల మీద పడేది. ఇల్లు గట్టిగా ఉందంటే అందులో వాళ్ల వాటా చాలా ఉందని ఎవరూ రాయలేదు.

సైట్లో మేం 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోసి 7 రోజులకు, 28 రోజులకు మెషీన్‌లో నలుపుతాం. 40 గ్రేడు కాంక్రీటు అయితే ఆ చిన్న దిమ్మ 90 టన్నులు దాటాకే నలగాలి. ‘‘నాన్న ఆఫీసులో ఏం చేస్తారు?’’ అంటే ఇంతకాలం మావాడు ‘‘ఫోన్ మాట్లాడతారు’’ అనేవాడు. ఇప్పుడు ‘‘దిమ్మలు పగలగొడతారు’’ అంటున్నాడు. ఇది మెరుగే.

మూడు గ్లాసులు, మూడు మేకులు

ఇది ఓపిక ఉన్నవాళ్లకు. జింకు పూత లేని మామూలు ఇనుప మేకులు మూడు. ఒక గ్లాసులో తాగే నీళ్లు, రెండో దానిలో ఉప్పునీళ్లు, మూడో దానిలో సిమెంటు కలిపి తేర్చిన నీళ్లు. మూతలు పెట్టి ఆపై ముట్టుకోవద్దు. రోజూ ఫొటో తీస్తే చాలు. మంచినీళ్లలో, ఉప్పునీళ్లలో ఎరుపు తిరుగుతుంది. సిమెంటు నీళ్లలో మేకు కొత్తగానే ఉంటుంది. సిమెంటు క్షారం ఇనుము చుట్టూ కంటికి కనిపించని రక్షణ పొర కడుతుంది. కాంక్రీటులోని ఇనుము ఏళ్లకేళ్లు తుప్పు పట్టకుండా ఉండేది దీనివల్లే. ఉప్పు ఆ పొరను ఛేదిస్తుంది. సముద్రం పక్కన ఉండే దోహా మట్టిలో, గాలిలో, భూగర్భజలంలో ఉప్పుకు కొదవ లేదు. విశాఖ, కాకినాడ వాళ్లకూ ఇది తెలిసిన బాధే. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. లోపల ఉబ్బితే పైన కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది.

ఇది చూశాక పిల్లలు మా మెట్ల దారిలో పగుళ్లు వెతకడం మొదలుపెట్టారు. ప్రతి గీతకూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా ఉండే వెంట్రుక గీతలకు భయపడక్కర్లేదు. బీము అడుగున పొడవునా సాగే పగులు, దానిలోంచి గోధుమరంగు మరక, పెచ్చులూడి కనిపించే రాడ్డు, పిల్లర్ మీద ఏటవాలు పగులు, తలుపు ఉన్నట్టుండి పట్టేయడం.. ఇవి వేరు. వెంటనే ఫొటో తీసి యజమానికి, బిల్డింగ్ నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పాలి. పట్టించుకోకపోతే మున్సిపాలిటీకి చెప్పాలి. అద్దెకుంటున్నాం మనకెందుకులే అనుకోవడం మనవాళ్లలో ఉంది. నాలోనూ ఉండేది.

ఊగే బల్ల గురించి రెండు మాటలే. గోళీల మీద ఒక చెక్క పలక, రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు. దాని మీద స్పఘెట్టి భవనాలు కట్టి ఊపితే ఏ ఎత్తుది ఏ వేగానికి ఊగుతుందో తెలుస్తుంది. 2013 ఏప్రిల్‌లో ఇరాన్ భూకంపాలకు దోహాలో ఎత్తైన భవనాలు ఊగి జనం కిందికి దిగారు. ఇక్కడ పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సెలవుల్లో ములుగు జిల్లా పాలంపేట వెళ్లేవాళ్లు 1213 నాటి రామప్ప గుడి దగ్గర ఈ బల్లను తలచుకోండి. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి, శిఖరంలో నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనం వాట్సాప్‌లో పంచుకున్న ఫొటోలన్నీ శిల్పాలవే.

కట్టిన చేతులు

రెండో వేసవిలో పిల్లల్ని మెట్రోలో తిప్పాం. మన్సూరా స్టేషన్ నుంచి మొదలు. దోహా మెట్రో సొరంగాల కోసం ఒకేసారి 21 తవ్వే యంత్రాలు పనిచేశాయి. అప్పట్లో అది గిన్నిస్ రికార్డు. వెస్ట్ బేలో దోహా టవర్‌కు నడుమ బరువు మోసే గోడల గూడు లేదు. చుట్టూ ఏటవాలుగా అల్లుకున్న కాంక్రీటు స్తంభాలే ఆధారం. మా ఇంజినీర్లు ‘‘మళ్లీ త్రిభుజాలే’’ అని తేల్చేశారు. రాస్ అబూ అబూద్‌లో షిప్పింగ్ కంటైనర్లతో కట్టిన స్టేడియం 974 చూసి, ఐస్‌క్రీం పుల్లల బదులు అగ్గిపెట్టెలతో కడదామన్నారు. కంటైనర్లూ 974, ఖతార్ ఫోన్ కోడూ 974. విప్పి తీసుకుపోయేలా కట్టడం కూడా ఒక విద్యే అని అక్కడే తెలిసింది వాళ్లకు.

కానీ నాకు గుర్తుండిపోయిన శుక్రవారం అది కాదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక రాడ్ బెండర్ మా సైట్లో పనిచేస్తాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపులో ఉంటాడు. భోజనానికి పిలిస్తే వచ్చాడు. పిల్లలు తీగలతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, నవ్వి, ‘‘అట్ల గాదు బిడ్డా, ఇటియ్యి’’ అని కింద కూర్చున్నాడు. సంచిలోంచి కొక్కెం తీశాడు. రెండు రాడ్ల కూడలిలో తీగ చుట్టి, కొక్కెం తగిలించి, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. బిగిసింది. పిల్లలకు పదిసార్లు ప్రయత్నిస్తే గానీ ఒక ముడి పడలేదు. ‘‘అంకుల్, రోజుకి ఎన్ని కడతారు?’’ అని అడిగాడు మావాడు. ‘‘అంకుల్ ఏందిరా, మామ అను’’ అని కసిరింది మా ఆవిడ. ఆయన లెక్క చెప్పలేదు. ‘‘మా పిల్లగానికి గూడ గిట్ల సూపియ్యాలె సార్. ఆనికి నేను ఈడ ఏం జేస్తనో ఎర్కలే’’ అన్నాడు. కొడుకు ఏడో తరగతట. మేం ఫోన్ నిలబెట్టాం. ఆయన మళ్లీ మొదటి నుంచి, ఈసారి మెల్లగా, ఒక్కో ముడీ చూపిస్తూ కట్టాడు. వీడియో కాల్‌లో అవతల పిల్లాడు ఒక్క మాటా మాట్లాడలేదు, కళ్లు మాత్రం తిప్పలేదు.

నజ్మాలో ఫ్యామిలీ వీసాల మీద ఉండే మన పిల్లలకు ఈ మనుషులు బస్సు కిటికీల్లో మాత్రమే కనిపిస్తారు. ఒకప్పుడు దేశమంతా ప్రాజెక్టులు కట్టింది పాలమూరు కూలీలు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట పైకి లేచింది వేలమంది చేతుల మీదుగానే. ఆ తర్వాత కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు దారి పడింది. మన ఇళ్లలో ఈ చరిత్ర చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా ‘‘బాగా చదువుకోకపోతే ఇలా అవుతావు’’ అని భయపెట్టడానికే వాడతాం.

ఇదంతా చేస్తే పిల్లలు సివిల్‌లో చేరిపోతారేమోనని ఒక తల్లి నన్ను నిజంగానే అడిగింది. ఊళ్లో కౌన్సెలింగ్ మొదలైతే అందరి కళ్లూ కంప్యూటర్ సైన్స్ మీదే అని నాకూ తెలుసు. చేరమని చెప్పను. పదకొండో తరగతి ఫిజిక్స్‌లో స్ట్రెస్, స్ట్రెయిన్, యంగ్స్ మాడ్యులస్ వచ్చినప్పుడు మాత్రం ఈ పిల్లలు బట్టీ పట్టరు. తీగ ఎక్కడ సాగిందో వాళ్ల కళ్లతో చూశారు. రేపు ఊళ్లో ఫ్లాట్ కొనేటప్పుడు టైల్స్ రంగు కాకుండా ఇంకేదైనా అడిగే కొనుగోలుదారు అయినా అవుతారు.

ఈ వేసవిలో నాలుగో గ్లాసు చేర్చాం. సిమెంటు నీళ్లలో ఉప్పు కలిపాం. మేకు ఇంకా మెరుస్తూనే ఉంది, ఎన్నాళ్లు ఉంటుందో చూస్తున్నాం. బాత్రూమ్ అటక మీద తడి గుడ్డలో ఒక దిమ్మ ఉంది. వచ్చే శుక్రవారంతో దానికి 28 రోజులు. ఎన్నో సీసాకు పోతుందో నలుగురూ అంకెలు రాసి ఫ్రిజ్ మీద అంటించారు. మూడేళ్ల కిందట మన బిల్డింగ్ పడిపోతుందా అని అడిగినవాడు పదమూడు రాశాడు. ఎందుకంత నమ్మకమని అడిగితే, ‘‘రోజూ నీళ్లు పట్టింది నేనే కదా’’ అన్నాడు.